పెళ్లిరోజు విందు: వంటకు వంక లేదు, హంగామాకే హద్దు లేదు

పెళ్లిరోజున ఇంటి వంటకు సెలవిచ్చి, ఇద్దరే కూర్చుని తీరిగ్గా భోంచేయాలనుకునే దంపతులకు బంజారాహిల్స్‌లో మేము వెళ్లిన రెస్టారెంటును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే అక్కడ అంటగట్టజూసే ‘యానివర్సరీ ప్యాకేజీ’ని మాత్రం ఒప్పుకోవద్దని అంతకంటే గట్టిగా చెబుతాను. ఆ రెస్టారెంటు పేరు రాయడం లేదు. బిల్లు దగ్గర తలెత్తిన పేచీని వాళ్లు అక్కడికక్కడే సర్దుబాటు చేశారు గనుక పేరుపెట్టి రచ్చకెక్కించడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా ఇక్కడ నేను రాసే మంచి చెడ్డలు ఆ ఒక్క చోటికే పరిమితమైనవి కావు. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఈ తరహా రెస్టారెంట్లకు వెళ్లేవాళ్లు చాలామంది వీటిలో కొన్నింటినైనా ఎదుర్కొనే ఉంటారు.

ఇది మా ఇరవై అయిదో పెళ్లిరోజు. మా వారిది అమలాపురం దగ్గరి పల్లె, మాది కరీంనగర్. పులుపు ఎంత ఉండాలి, కారం ఎంత ఉండాలి అనే విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు. అందుచేత ఇద్దరి నాలుకలకూ సరిపడే చోటు వెతకడమే పెద్ద పని అయింది. హైదరాబాదులో పెళ్లిరోజు అనగానే చాలామంది పెద్ద హోటళ్ల బఫే మాట ఎత్తుతారు. పది మందితో కలిసి వెళ్లినప్పుడు బఫే బాగానే ఉంటుంది కానీ, ఇద్దరే వెళ్లినప్పుడు ఒకరు పళ్లెం పట్టుకుని లేచి వెళ్లేసరికి మరొకరు ఒంటరిగా కూర్చుని ఫోను చూసుకోవలసి వస్తుంది. ఇక ఫలక్‌నుమా ప్యాలెస్ ఉండనే ఉంది. నిజాం సంస్థానంలో ‘పైగా’ అనే వంశానికి చెందిన ప్రభువు కట్టించగా, తరువాత ఆరో నిజాం చేతికి వెళ్లిన ఆ భవనాన్ని తాజ్ సంస్థ బాగుచేయించి 2010లో హోటలుగా తెరిచింది. నూటొక్క మంది ఒకేసారి కూర్చుని భోంచేయగల బల్ల చూడడానికైనా ఒకసారి వెళ్లాలని నాకూ ఉంది గానీ, మధ్యతరగతి ఉద్యోగస్తుల జేబుకు అది పిల్లల పెళ్లిళ్లు అయిపోయాక ఆలోచించవలసిన సంగతి. ఒకే మెనూలో హైదరాబాదీ దమ్ వంటకాలతో పాటు గోదావరి, నెల్లూరు, రాయలసీమ వంటలూ ఉన్నాయని మా ఆడపడుచు చెప్పడంతో చివరికి ఇక్కడ కుదిరింది.

ఫోనులో టేబుల్ బుక్ చేసినప్పుడే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “ఏదైనా అకేషన్ ఉందా మేడం?” అని. పెళ్లిరోజు అని చెప్పీ చెప్పకముందే ప్యాకేజీ వివరాలు గుక్కతిప్పుకోకుండా వినిపించారు. టేబుల్ మీద గులాబీ రేకులు, కుర్చీలకు కట్టిన బెలూన్లు, కొవ్వొత్తులు, అర కిలో కేకు, ఒక ఫొటోగ్రాఫరు, అన్నీ కలిపి 3,500 రూపాయలు. భోజనం ఖర్చు ఇందులో లేదు, అది విడిగా కట్టుకోవాలి. మాకు అవేమీ వద్దని, కిటికీ పక్కన కాస్త నిశ్శబ్దంగా ఉండే టేబుల్ ఇస్తే చాలని చెప్పాను. అవతలి అమ్మాయి మర్యాదగానే సరేనంది. ఆ ఫోను సంభాషణలో నాకు నచ్చిన విషయం కూడా ఒకటుంది: ఎవరికైనా వేరుసెనగలు, నువ్వులు, జీడిపప్పు పడకపోవడం లాంటిది ఉందా అని అడిగి రాసుకున్నారు. సాలన్‌లో, కుర్మాల్లో ఇవన్నీ నూరి పోసే వంటశాలలో ఆ ప్రశ్న అడగడం చాలా అవసరం, కానీ అడిగేవాళ్లు అరుదు.

పాత బంగళాను రెస్టారెంటుగా మార్చారు. ఆవరణలోని పెద్ద బండరాళ్లను పేల్చేయకుండా వాటి చుట్టూనే వరండా కట్టినందుకు ముందుగా ఆ యజమానికి దండం పెట్టాలి. లోపల హాలులో టేబుళ్ల మధ్య ఎడం సరిపడా ఉంది. పక్కవాళ్ల మాటలు మనకు వినపడవు, మన మాటలు వాళ్లకు వినపడవు, సంగీతం కూడా గొంతు పెంచి మాట్లాడుకోవలసినంత పెద్దగా లేదు. దీపాల వెలుతురు మాత్రం మరీ మసకగా పెట్టారు. మెనూ చదవడానికి మా వారు ఫోనులో టార్చి వేసుకోవలసి వచ్చింది. చేప ముల్లు ఏరుకుని తినవలసిన చోట ఆ మసక వెలుగు అందం కాదు, అసౌకర్యం. వెయిటరుతో చెబితే టేబుల్ దీపం ఒకటి తెచ్చి పెట్టారు. చెప్పించుకోకుండానే అది టేబుల్ మీద ఉండవలసింది.

ఇక వంట సంగతి. మొదట షికంపూరి కబాబు తెప్పించుకున్నాం. పైపైన చూస్తే అది మామూలు షామీ కబాబులాగే గుండ్రంగా, గోధుమరంగులో ఉంటుంది. చెంచాతో మధ్యకు విరిస్తే లోపల దాచిన వడగట్టిన పెరుగు, సన్నగా తరిగిన ఉల్లి, పుదీనా, పచ్చిమిర్చి తెల్లగా, పచ్చగా కనిపించాయి. దీన్ని చాలా చోట్ల తిన్నాను. పెరుగు నీరుకారి మాంసపు పిండిలో కలిసిపోవడమో, విరిచేలోపే కబాబు చిట్లిపోవడమో జరగడం మామూలే. ఇక్కడ పై పొర కరకరలాడకుండా, మెత్తగా ఉంటూనే చెంచా తగిలేదాకా బిగువు సడలలేదు, లోపలి పెరుగు చల్లదనం కూడా పోలేదు. ఆ ఒక్క కబాబు చూశాక వంటశాలలో చేయి తిరిగినవాళ్లే ఉన్నారని అర్థమైంది, మిగతా ఆర్డరు ధైర్యంగా ఇచ్చాం.

పత్తర్ కా గోష్త్ ఈ రెస్టారెంటు గర్వంగా చెప్పుకునే వంటకం. ఎముక లేని పొట్టేలు మాంసాన్ని పలచని పలకలుగా కోసి, అల్లం వెల్లుల్లి, పచ్చి బొప్పాయి ముద్ద, మిరియాలు, గరం మసాలా పట్టించి నానబెట్టి, కింద బొగ్గులు రాజేసిన నల్లరాతి పలక మీద కాల్చడం దాని పద్ధతి. రాయి సరిగా వేడెక్కకపోతే మాంసం నీరు వదిలి ఉడుకుతుంది తప్ప కాలదు. చాలా హోటళ్లు ఈ శ్రమంతా ఎందుకని పెనం మీద వేయించి, పొగ వాసన పట్టించి రాతి పళ్లెంలో వడ్డించేస్తున్నాయి. ఇక్కడ వరండా చివర ఆ రాయిని మన కళ్లెదుటే పెట్టారు. వంటవాడు ముక్క వేసి, దాన్ని చాలాసేపు కదపకుండా వదిలేసి, అంచులు ముదురు రంగు తిరిగాక ఒక్కసారే తిరగేశాడు. పళ్లెంలోకి వచ్చేసరికి పై భాగం కమిలి, లోపల రసం ఊరుతూ ఉంది. బొప్పాయి ఎక్కువైతే మాంసం పిండిలా విడిపోతుంది, ఆ దోషమూ లేదు. నంజుకోవడానికి ఇచ్చిన పచ్చి ఉల్లి, నిమ్మచెక్క తప్ప ఇంకేమీ అక్కర్లేకపోయింది.

మా వారు మాత్రం పరీక్ష పెట్టడానికే వచ్చినట్టు పులస ఉందా అని అడిగారు. మేము వెళ్లింది ఫిబ్రవరిలో. వెయిటరు ఏమాత్రం తడుముకోకుండా, “లేదండి, గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాకే మాకు వస్తుంది. ఇప్పుడు ఎవరైనా ఉందని చెప్పినా నమ్మకండి” అన్నాడు. కోనసీమ మనిషిని ఆ మాటతోనే గెలిచేశాడు. దాని బదులు కొరమీను పులుసు సూచించాడు. చేపల పులుసు నిన్నటిదైతేనే బాగుంటుందని మా అత్తగారి సిద్ధాంతం. చింతపండు పులుపు ముక్కలోకి దిగడానికి ఒక రాత్రి పడుతుందని ఆవిడ అంటారు. ఇక్కడి పులుసు ఆ పూటే చేసినదని రుచి చూడగానే తెలిసింది. రసం చిక్కగా, మెంతి వాసనతో బ్రహ్మాండంగా ఉంది గానీ, ముక్క లోపల ఇంకా చప్పగానే ఉంది. ముక్క తాజాదనంలో మాత్రం లోపం లేదు. మా వారు ముక్కలు నాకు వదిలేసి పులుసంతా అన్నంలో కలుపుకు తిన్నారంటే ఆ వంటకానికి వచ్చిన మార్కులు ఎన్నో మీరే లెక్కవేసుకోవచ్చు.

ఉలవచారు విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉలవలు ఉడికించిన కట్టును చింతపండుతో కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి మరగనిచ్చి, నల్లగా, చిక్కగా దించే పదార్థం అది. వేడి అన్నంలో కలుపుకుని, పైన మీగడ వేసుకుని తినడానికి పుట్టింది. దాన్ని ఇక్కడ బొటనవేలంత గాజు గ్లాసుల్లో పోసి, పైన నురగ పేర్చి, అందులో ఒక కరివేపాకు గుచ్చి, భోజనానికి ముందు తాగమని తెచ్చారు. చారు మంచిదే, మరిగించడంలో ఎక్కడా తొందరపడలేదు. కానీ రెండు గుక్కల్లో అయిపోయే ఆ వేషం ఎందుకు? గిన్నెలో మరికాస్త తెమ్మని, పక్కన అన్నం, మీగడ పెట్టమని అడిగాం. తెచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు కూడా. తిన్నాక మా వారు మీగడ ఇంకాస్త అడిగారు. మీరు వెళితే మొదటే చారు గిన్నెలో, అన్నం, మీగడతో తెమ్మని అడగండి.

బిర్యానీ గురించి హైదరాబాదువాళ్లకు కొత్తగా చెప్పేదేముంటుంది! పచ్చి మాంసాన్ని మసాలా పెరుగులో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం కింద పరిచి, మూతకు పిండి అంటించి దమ్ మీద వండే కచ్చి పద్ధతినే వీళ్లు పాటిస్తున్నారు. ఇద్దరికి సరిపోయే చిన్న మట్టిపాత్రలో విడిగా వండి, మూత టేబుల్ దగ్గరే తెరుస్తారు. చూడముచ్చటగా ఉన్నా, ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పెద్ద డేగిశాలో అడుగున మాంసం రసం, పైన కుంకుమపువ్వు తడిసిన బియ్యం, మధ్యలో తెల్లటి మెతుకులు అంటూ పొరపొరకూ రుచి మారుతుంది. చిన్న పాత్రలో ఆ పొరలు ఏర్పడడానికి లోతు చాలదు. మెతుకు విడివిడిగా, ముక్క మెత్తగా ఉన్నా తినడం మొదలుపెట్టినప్పటి రుచే చివరిదాకా. మిర్చి కా సాలన్ మాత్రం ఆ లోటు తీర్చింది. వేరుసెనగ, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించడంలో ఏ ఒక్కటీ మాడలేదు, నూనె పైకి తేలేదాకా ఓపిగ్గా వేయించారు.

తీపిలో ఖుబానీ కా మీఠా ఒక్కటే తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. ఎండు ఖుబానీలను నానబెట్టి, గింజ తీసి, గుజ్జు దగ్గరయ్యేదాకా ఉడికించి, ఆ గింజలను పగలగొట్టి లోపలి పప్పును పైన చల్లడం అసలు విధానం. పగలగొట్టే ఓపిక లేక చాలామంది మామూలు బాదం చీలికలు వేసేస్తారు. ఇక్కడ చిన్న చిన్న ఖుబానీ పప్పులే, లేత చేదుతో పంటికి తగిలాయి. పైన పోసింది కూడా డబ్బా క్రీము కాదు, పాల మీగడ. చక్కెర అవసరమైనంతే వేశారు. డబుల్ కా మీఠా కూడా బాగుంటుందని పక్క టేబుల్ పెద్దాయన చెప్పారు గానీ అప్పటికి మాకు చోటు లేదు.

వడ్డించినవాళ్ల గురించి చెప్పాలంటే, భోజనం నడుస్తున్నంతసేపూ వాళ్లంత బాగా మసలుకునేవాళ్లను నేను ఈ ఊళ్లో తక్కువగా చూశాను. ప్రతి ముద్దకూ వచ్చి “అంతా ఓకేనా మేడం?” అని అడగలేదు. నీళ్లు తగ్గితే నింపారు, ఖాళీ పళ్లెం ఇద్దరూ తినడం ముగించాకే తీశారు. ఇరవై అయిదేళ్ల కిందటి పెళ్లి ముచ్చట్లు చెప్పుకుంటూ మేము గంటన్నర పైగా కూర్చున్నా, టేబుల్ ఖాళీ చేయమన్నట్టుగా ఎవరూ అటూ ఇటూ తచ్చాడలేదు.

ఆ మర్యాదంతా చివరి పది నిమిషాల్లో నీరుగారిపోయింది. ఖుబానీ గిన్నె ఇంకా టేబుల్ మీద ఉండగానే హాలులో దీపాలు ఒక్కసారి ఆర్పి, నలుగురైదుగురు సిబ్బంది చప్పట్లు కొడుతూ, స్పీకర్లో పాట పెట్టి, నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తి గుచ్చిన కేకుతో మా దగ్గరికి వచ్చారు. ప్యాకేజీ వద్దని చెప్పిన సంగతి గుర్తుచేస్తే, “ఇది మా తరఫున కాంప్లిమెంటరీ మేడం” అన్నారు. మా వారు నలుగురి ముందు హడావుడి చేస్తే ముడుచుకుపోయే మనిషి. ఆయన ముఖంలోకి చూసి నాకు నవ్వాలో, కోపగించుకోవాలో తెలియలేదు. ఉచితంగా ఇచ్చేదాన్ని కూడా తీసుకునేవాళ్ల ఇష్టం కనుక్కుని ఇవ్వాలి. ఫోనులో వేరుసెనగల గురించి అంత జాగ్రత్తగా రాసుకున్నవాళ్లు, “హంగామా వద్దు” అన్న మాటను ఎందుకు రాసుకోలేకపోయారో నాకు అర్థం కాలేదు. కేకు మెత్తగానే ఉంది, కానీ ఖుబానీ తిన్న నోటికి వెనీలా క్రీము ఎలా రుచిస్తుంది? పెట్టెలో పెట్టించి ఇంటికి తీసుకువెళ్లాం.

డబ్బు కట్టి ప్యాకేజీ తీసుకున్నవాళ్ల అనుభవం కూడా మా ఎదురుగానే కనిపించింది. కొత్తగా పెళ్లయినట్టున్న ఒక జంట టేబుల్ నిండా రేకులు, కొవ్వొత్తులు, అక్షరాల బెలూన్లు పరిచారు. కబాబుల పళ్లెం వస్తే పెట్టడానికి చోటు లేక వెయిటరు దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు ఇటు చూడండి, అటు తిరగండి అంటూ వాళ్లను నిలబెట్టి ఫొటోలు తీసేసరికి ఆ కబాబులు చల్లారిపోయి ఉంటాయి. వాళ్లకు అది సరదాగానే ఉందేమో, కాదనడానికి నేనెవరిని? కాకపోతే వేడిగా తినవలసిన వంటే ఈ రెస్టారెంటు అసలు బలం. ఆ బలాన్ని ప్యాకేజీ తన చేతులతో తానే దెబ్బతీస్తోంది.

బిల్లు దగ్గర కాసేపు మాటలు నడిచాయి. భోజనం 5,400 రూపాయలైతే, దాని మీద పది శాతం సర్వీస్ చార్జీ కింద 540, ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ 297 కలిపి 6,237 చేశారు. జీఎస్టీ ప్రభుత్వానికి వెళ్లే పన్ను, అది కట్టి తీరాలి. సర్వీస్ చార్జీ సంగతి వేరు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు వాటిని సవాలు చేస్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ వ్యాజ్యాలను కొట్టివేసింది. ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అనేది పూర్తిగా తిన్నవాళ్ల ఇష్టం. ఈ మాట మేనేజరుతో చెబితే మొదట “అది మా పాలసీ సార్” అన్నారు. కోర్టు తీర్పు ప్రస్తావించగానే మారుమాట లేకుండా ఆ చార్జీ తీసేసి 5,670కి కొత్త బిల్లు తెచ్చారు. మొదటి బిల్లులో సర్వీస్ చార్జీ మీద కూడా జీఎస్టీ వేశారన్నది గమనించండి. అంటే అది తీసేయిస్తే 540 కాదు, 567 తగ్గుతుంది. మాకు శ్రద్ధగా వడ్డించిన అబ్బాయికి అయిదు వందలు మేమే చేతికిచ్చాం. ఎక్కడైనా రెస్టారెంటువాళ్లు సర్వీస్ చార్జీ తీసేయడానికి ఒప్పుకోకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు. మాకు ఆ అవసరం రాలేదు.

ఇద్దరికి అయిదున్నర వేలు పైచిలుకు అంటే చవక కాదు. అయినా మేము తిన్న కబాబు, రాతిమాంసం, ఖుబానీ ఆ ధరకు తగ్గట్టే ఉన్నాయి. బిర్యానీ ఒక్కదాని కోసమైతే ఇక్కడికి రానక్కర్లేదు, సగం ధరకే పెద్ద డేగిశా బిర్యానీ ఈ ఊళ్లో వాడవాడలా దొరుకుతుంది. శాకాహారులకు బగారా బైంగన్, గుత్తి దొండకాయ, గోంగూర పప్పు లాంటివి ఉన్నాయి గానీ, మాంసాహారంతో పోలిస్తే ఆ జాబితా చిన్నది.

వెళ్లాలనుకునేవాళ్లు ఫిబ్రవరి రెండో వారాన్ని తప్పించుకోవడం మేలు. ప్రేమికుల రోజు పేరుతో ఆ వారమంతా మామూలు మెనూ పక్కన పెట్టి, ముందే కట్టిన ధరకు ఖరారు చేసిన భోజనమే ఇస్తారట. పని రోజుల్లో ఏడున్నరకల్లా వెళితే వరండాలో బండరాయి పక్కన టేబుల్ దొరుకుతుంది, రాతి పలక మీద కాల్చడమూ దగ్గరగా చూడవచ్చు. పెళ్లిరోజు అన్న మాట ఫోనులో చెప్పకండి. అడిగినా “ఊరికే భోజనానికే” అనండి. పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట: వరండాకు ఎనిమిది మెట్లున్నాయి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. కారు నిలిపే చోటు నుంచి వంటశాల వైపుగా చదునైన దారి ఒకటి ఉంది. అడిగితే ఆ గేటు తెరిచి లోపలికి తీసుకువెళతారు.